సర్ ఫ్రెడరిక్ బాంటింగు

నవంబరు 14వ తేదీని మన పాఠశాలలు బాలదినోత్సవముగా జరుపుకొనును. 1891వ సంవత్సరమున ఆ దినముననే కెనడా దేశమునందు అలిస్టన్ అను చిన్న ఊరిచెంత నొక కర్షకుని గృహమున జన్మించిన శిశువు, పెరిగి పెద్దవాడై, లెక్కకు మిక్కిలియగు బాలుర ప్రాణములను నిలిపిన మందునకు కారకుడయ్యెను. అతడే ఫ్రెడరిక్ బాంటింగు. 1991 మొదలు అతని జన్మదినము ప్రపంచ మధుమేహ దినముగా పాటింపబడుచున్నది. ఇట్టి వాని చరిత్రము విద్యార్థులెల్లరు ఎఱుగదగినది.

ఫ్రెడరిక్ తన తలిదండ్రుల ఐదుగురు బిడ్డలలో కడగొట్టువాడు. పొలమునను పశువుల కొట్టమునను తిరుగుచు పెరిగెను. చదువునందు అగ్రగణ్యుడు కాడు. టొరాంటో విశ్వవిద్యాలయమున మొదట చేరిన చదువు పొసగకపోగా, 1912లో వైద్యవిద్యకు మాఱి, 1916లో పట్టము పొందెను. పిమ్మట సైనికవైద్యుడుగా మొదటి ప్రపంచ యుద్ధమునకు వెడలెను. 1918లో ఫ్రాన్సు దేశమున కాంబ్రే చెంత తన చేతికి గాయము తగిలినను లెక్కసేయక, ఇతరుల గాయములకు చికిత్స చేయుచునేయుండెను. అందులకు మిలిటరీ క్రాస్ అను బహుమానము లభించెను.

1920లో కెనడాలోనే లండన్ అను పేరుగల పట్టణమున వైద్యశాల తెఱచెను. రోగులు రారైరి. మొదటి నెల రాబడి నాలుగు డాలర్లు. జీవనమునకై అచ్చటి వైద్యకళాశాలలో బోధించుటకు కూడ ఒప్పుకొనెను. ఆ యేడు అక్టోబరు నెలాఖరున ఒకనాటి రాత్రి, పాఠమునకు సిద్ధపడుచు, క్లోమము అను గ్రంథిని గూర్చిన వ్యాసమొకటి చదివెను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేచి తనకు తోచిన ప్రయోగమును పుస్తకములో వ్రాసికొనెను.

ఆ తలంపు విలువ తెలియవలెనన్న ఆనాటి స్థితి తెలియవలెను. క్లోమమును తీసివేసిన కుక్కకు మధుమేహము వచ్చునని 1889లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అను విద్వాంసులు జర్మనీలో కనుగొనిరి. ఆ గ్రంథియందలి రసమేదియో రక్తములోని చక్కెరను అదుపులో ఉంచుచున్నదని పలువురు ఊహించిరిగాని, దానిని శుద్ధముగా వేఱుచేయజాలకపోయిరి. మందులేని ఆ కాలమున వ్యాధిగ్రస్తులగు బిడ్డలను వైద్యులు పస్తులుంచి కొన్నాళ్లు బ్రతికించుచుండిరి. ఎముకలగూడైన బిడ్డను చూచుచు తల్లి అన్నము పెట్టరాదు.

1921 మే నెలలో టొరాంటోలో ఆచార్యుడగు మాక్లియడ్ అతనికి ప్రయోగశాలను, కొన్ని కుక్కలను, సహాయకుడుగా చార్లెస్ బెస్ట్ అను యువకుని ఒసగెను. ఆ వేసవియంతయు ఇరువురు అహోరాత్రములు శ్రమించిరి. పలు కుక్కలు మరణించెను. 92వ సంఖ్యగల కుక్క మాత్రము క్లోమము లేకున్నను రసముయొక్క బలమున ఇరువది దినములు జీవించెను. అది బాంటింగునకు మచ్చికయై, మరణించిననాడు అతని కంట నీరు తెప్పించెను. రసము చాలక పోయినప్పుడు పల్లెటూరి పెంపకము అక్కఱకు వచ్చెను. కబేళాకు పోవు ఆవులు తఱచు చూలుతో ఉండునని ఎఱిగినవాడు గనుక, పుట్టని దూడల క్లోమమునుండి రసము తీసెను. పిదప పెద్ద పశువుల క్లోమమును వాడిరి. కాలిప్ అను రసాయనశాస్త్రజ్ఞుడు చేరి రసమును శుద్ధిచేసెను.

1922 జనవరి 11వ తేదీన లియొనార్డ్ థాంసన్ అను పదునాలుగేండ్ల బాలునకు మొదటి సూది వేసిరి. గుణము స్వల్పము, సూది వేసినచోట గడ్డ లేచెను. కాలిప్ శుద్ధిచేసిన రసమును 23వ తేదీన మరల ఎక్కింపగా చక్కెర తగ్గెను, బాలునకు సత్తువ వచ్చెను. అతడు 1935 వఱకు జీవించెను.

1923లో బాంటింగు, బెస్ట్, కాలిప్‌లు హక్కులను ఒక్కొక్క డాలరునకు విశ్వవిద్యాలయమునకు అప్పగించిరి. ఆ యేడే నోబెలు బహుమానము బాంటింగు, మాక్లియడ్‌లకు వచ్చెను. బాంటింగు తన భాగములో సగము బెస్టునకును, మాక్లియడ్ తన భాగములో సగము కాలిపునకును ఇచ్చిరి. బాంటింగు ముక్కోపి, మాక్లియడ్‌తో అతనికి సరిపడలేదు. అయినను ఈ ఘనకార్యము నలువురి శ్రమఫలము. 1934లో అతనికి సర్ బిరుదము కలిగెను. 1941 ఫిబ్రవరిలో యుద్ధకార్యమున ఇంగ్లండునకు విమానమెక్కి పోవుచు, న్యూఫౌండ్‌లాండులో విమానము కూలగా, 49 ఏండ్ల ప్రాయమున మరణించెను.

ఇన్సులిన్ వ్యాధిని మాన్పదు. అది అనుదినాహారమువంటిది. తక్కువైన వ్యాధి చంపును; ఎక్కువైన మందే చంపును. ఈ మితము నరులకేకాదు, మన యింటి జంతువులకును వర్తించును. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల వరిపండు పల్లెలలో గాదెలకు కావలికాచు పిల్లికిని మధుమేహము రావచ్చును. పిల్లి ఇన్సులిన్‌లోని 51 అంశములలో ఒక్కటి మాత్రమే ఆవు ఇన్సులిన్‌కంటె వేఱు.

పిల్లి మిక్కిలి నీరు త్రాగి, బాగుగా తినియు చిక్కిపోవుచున్నచో పశువైద్యునకు చూపవలెను. మూత్రపిండముల వ్యాధియందును దప్పిక హెచ్చును; కంఠములోని థైరాయిడ్ గ్రంథి మితిమీఱి పనిచేసినను తినుచునే చిక్కిపోవును. ఇవి మధుమేహముతో కూడియుండవచ్చును గనుక అన్నిటిని పరీక్షింపవలెను. పంటిచీము, మూత్రమందలి దోషము ఉన్నచో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ముందు వానిని మాన్పవలెను. బుట్టలో పెట్టి రేపల్లెనుండి తెనాలికి రైలులో తెచ్చిన పిల్లికి భయముచేతనే చక్కెర పెరుగును. ఆ ఒక్క లెక్కను నమ్మి మోతాదు పెంచరాదు. సాధారణముగా పండ్రెండు గంటలకొకసారి, కొద్ది మోతాదుతో మొదలుపెట్టుదురు. 40 యూనిట్ల సీసాకు ఆ గుర్తుగల సిరంజియే వాడవలెను. ఎండకాలమున మందును చల్లగా ఉంచవలెను, గడ్డకట్టనీయరాదు. పిల్లి తినకున్నచో వైద్యుని అడుగక పూర్తి మోతాదు ఈయరాదు. వణకి తూలినచో చిగుళ్లకు తేనె రాచి, వెంటనే వైద్యునికడకు కొనిపోవలెను. శ్రద్ధగా చూచినచో కొన్ని పిల్లులకు కొంతకాలమునకు ఇన్సులిన్ అక్కఱయే తీఱిపోవును.

సోదర విద్యార్థులారా! ప్రయోగశాలయందు మూగజీవులు ఇచ్చిన ప్రాణములచే మన బిడ్డలు జీవించుచున్నారు. కావున మన యింట రోగము తగిలిన మూగజీవికి ప్రతిదినము వేళ తప్పక, కొలత తప్పక మందిచ్చుట ఆ ఋణములో నొక చిన్న భాగమును తీర్చుటయే. ఒకరాత్రి మెఱసిన తలంపునకు ఏడాదికి పైగా ఓర్పు తోడైనగాని బాంటింగునకు ఫలము చేకూఱలేదు. ఆ ఓర్పును మనమును అలవఱచుకొందము గాక.