ముర్షిద్ చదువుకొమ్మన్నారు - హజ్రత్ ఖ్వాజా బందానవాజ్ (రహ్మ.) జీవితం

జిల్‌ఖాదా నెల దగ్గర పడుతుంటే మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల ముస్లిం ఇళ్లలో గుల్బర్గా ప్రయాణం మాట మొదలవుతుంది. ఆళ్లగడ్డవారు బస్సులో నంద్యాల వచ్చి, ఇక్కడ రైలెక్కి, గుంతకల్లులో బండి మారి ఉర్సుకు వెళతారు. 2014లో ఆ ఊరి పేరు కలబురగిగా మారింది. మన ఇళ్లలో మాత్రం అది గుల్బర్గా షరీఫే. అక్కడ విశ్రమించిన మహనీయులు హజ్రత్ సయ్యద్ ముహమ్మద్ హుసైనీ గేసూదరాజ్ (రహ్మతుల్లాహి అలైహి). బందానవాజ్ అంటేనే అందరికీ తెలుస్తుంది.

ఈ మధ్య జుమా నమాజు తర్వాత ఆళ్లగడ్డ నుంచి ఒక తండ్రి మా దగ్గరకు వచ్చాడు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న కొడుకు కాలేజీ మానేశాడట. ఊరికి వచ్చిపోయే ఒక పీర్ సాహెబ్ చేతిలో బైఅత్ చేసి, ఆయన సంచి మోస్తూ ఊళ్లు తిరుగుతున్నాడు. గేదెను అమ్మిన డబ్బులో కొంత నజరానా కింద పోయింది. ఇదేమిటని అడిగితే, గుల్బర్గా ఖ్వాజా తన పీర్ పల్లకీ మోయలేదా, ఆయన కోసం అన్నీ వదులుకోలేదా అని ఎదురు ప్రశ్న వేస్తున్నాడట. పీర్‌ను తప్పుపడితే ఏమవుతుందోనని ఆ తండ్రి గుండెల్లో గుబులు. పిల్లవాడు చెప్పింది సగం నిజం. మిగతా సగం చాలామందికి తెలియదు కనుక ఈ వారం ఖ్వాజా వారి జీవితాన్ని చెప్పుకుందాం.

హజ్రత్ హిజ్రీ 721లో, అంటే 1321లో ఢిల్లీలో జన్మించారు. సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని దౌలతాబాద్‌కు తరలించినప్పుడు ఆ కుటుంబమూ దక్కనుకు వచ్చింది. తండ్రి సయ్యద్ యూసుఫ్ గారు ఇక్కడే కన్నుమూశారు. ఆయన సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది. పదిహేనేళ్ల వయసులో తల్లితో, అన్నతో తిరిగి ఢిల్లీ చేరిన ఆ అబ్బాయి హజ్రత్ నసీరుద్దీన్ చిరాగ్ దెహ్లవీ (రహ్మ.) చేతిలో బైఅత్ చేశారు. చిరాగ్ వారు మహబూబె ఇలాహీ నిజాముద్దీన్ ఔలియా (రహ్మ.) ఖలీఫా.

ఆరాధన రుచి తెలిసిన కుర్రవాడికి పాఠాల మీద మనసు నిలవలేదు. చదివింది చాలు, ఇక జిక్ర్‌లో, ఏకాంతంలో గడుపుతానని ముర్షిద్‌ను అనుమతి కోరారు. ముర్షిద్ ఒప్పుకోలేదు. ఫిఖ్హ్, ఉసూల్, తఫ్సీర్ గ్రంథాలు వరుసగా పూర్తి చేయాలని చెప్పి మళ్లీ ఉస్తాదుల దగ్గరకే పంపారు. ఖాజీ అబ్దుల్ ముఖ్తదిర్ వంటి పండితుల ముందు కూర్చుని ఆయన ఆ చదువంతా ముగించారు. ఇంట్లో పని చేసిపెట్టే మురీదు దొరికాడని ఆ పీర్ సంతోషించలేదు. ఈ సిల్సిలాకు ఇది కొత్త కాదు. బెంగాలుకు చెందిన అఖీ సిరాజ్ గారికి చదువు తక్కువని నిజాముద్దీన్ ఔలియా వారు ఖిలాఫత్ ఆపారు. మౌలానా ఫఖ్రుద్దీన్ జర్రాదీ గారు కూర్చోబెట్టి చదువు చెప్పాకే బాధ్యత అప్పగించారు.

పల్లకీ సంగతి కూడా ఉంది. ముర్షిద్ పల్లకీ మోస్తుండగా ఖ్వాజా వారి పొడవాటి జుట్టు దానిలో చిక్కుకుందని, నొప్పిని ఓర్చుకున్నారే గానీ పల్లకీ ఆపమనలేదని, అందుకే గేసూదరాజ్, అంటే పొడవైన కురులవాడు, అనే పేరు వచ్చిందని చెబుతారు. ఉర్సులో ఖవ్వాల్ నుంచి ఇంట్లో నానమ్మ వరకు అందరూ చెప్పే కథ ఇది. అయితే పల్లకీ మోయమని పీర్ అడిగినట్టు ఎవరూ చెప్పరు. మురీదు ప్రేమతో చేసిన సేవ వేరు, పీర్ హక్కుగా వసూలు చేసే సేవ వేరు.

చిరాగ్ దెహ్లవీ వారి గురించి మరో సంగతి తెలియాలి. ఒక మజ్లిస్‌లో వాయిద్యాలతో పాట మొదలుకాగానే ఆయన లేచి బయలుదేరారు. మీ పీర్ పద్ధతినే కాదంటారా అని మిత్రులు నిలదీశారు. పీర్ చేసిన పని ప్రమాణం కాదని, ప్రమాణం ఖుర్ఆన్, హదీసులలో ఉండాలని ఆయన జవాబిచ్చారు. చాడీ చెప్పాలనుకున్నవారు ఈ మాటను నిజాముద్దీన్ ఔలియా వారికి చేరవేశారు. ఆయన కోపగించుకోలేదు. నసీరుద్దీన్ చెప్పిందే సరి అన్నారు. పీర్‌ను షరీఅత్ ముందు నిలబెట్టి చూడడం బేఅదబీ అని మన ఊళ్లలో ఎవరు నేర్పారో తెలియదు గానీ చిష్తీ పెద్దలు మాత్రం నేర్పలేదు.

1356లో చిరాగ్ వారు పరమపదించారు. పీర్ నుంచి తనకు అందిన ఖిర్ఖా, తస్బీహ్ మొదలైనవాటిని ఎవరికీ ఇవ్వకుండా తనతోపాటే సమాధి చేయించుకున్నారు. ఖిలాఫత్‌నామాలు పెళ్లి పత్రికల్లా పంచే ఈ రోజుల్లో ఇది వింతగానే తోస్తుంది.

ఆ తర్వాత బందానవాజ్ (రహ్మ.) నలభై ఏళ్లకు పైగా ఢిల్లీలో మార్గదర్శనం చేశారు. నలభై దాటాక తల్లి మాట మీద నికాహ్ చేసుకున్నారు, పిల్లలను పెంచారు. 1398లో తైమూర్ సేనలు ఢిల్లీని ముంచెత్తినప్పుడు డెబ్బై ఏడేళ్ల వయసులో ఇంటిల్లిపాదితో బయలుదేరి గ్వాలియర్, గుజరాత్, దౌలతాబాద్‌ల మీదుగా గుల్బర్గా చేరారు. ఆ వయసులో మనలో చాలామందిమి మంచం దిగం. ఆయన ఖాన్‌ఖాహ్ తెరిచి హదీసు, తఫ్సీర్, తసవ్వుఫ్ పాఠాలు మొదలుపెట్టారు. షేక్ అబూ నజీబ్ సుహ్రవర్దీ (రహ్మ.) అరబ్బీలో రాసిన ఆదాబుల్ మురీదీన్‌ను ఫార్సీలో వివరించి, దానికి అనుబంధంగా ఖాతిమా అనే గ్రంథం రాశారు. మురీదు తన రోజును ఎలా గడపాలి, నమాజు, తిండి, నిద్ర, మాట ఎలా ఉండాలి అన్న విషయాలు అందులో ఉన్నాయి. (దక్నీలోని మేరాజుల్ ఆషిఖీన్ కూడా ఆయనదేనని మేము చిన్నప్పుడు చదువుకున్నాం. కాదని తర్వాతి పండితులు తేల్చారు.)

బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షా మొదట ఎంతో గౌరవించాడు. తర్వాత తన కుమారుడు హసన్ ఖాన్‌ను వారసుడిగా దీవించమని కోరాడు. ఖ్వాజా వారు సమ్మతించలేదు. కోట పక్కన జనం రద్దీ ఎక్కువైందన్న సాకుతో సుల్తాన్ ఖాన్‌ఖాహ్‌ను దూరం జరపమన్నాడు. ఎనభై దాటిన ఆ పెద్దాయన మారుమాటాడక సామాను సర్దుకుని ఇప్పుడు దర్గా ఉన్న చోటికి వెళ్లారు. సుల్తాన్‌కు ఆయన పాండిత్యం ఆనలేదని ఫరిష్తా రాశాడు. రెండు వందల ఏళ్ల తర్వాత రాసిన మాట, మాకు నమ్మబుద్ధి కాదు.

ఇక నజరానా సంగతి. చిష్తీ పెద్దల నియమం ఏమిటంటే, అడగకూడదు, అడగకుండా వచ్చినదాన్ని దాచకూడదు. నిజాముద్దీన్ ఔలియా వారు సుల్తాన్ ఇవ్వజూపిన గ్రామాలను కాదన్నారు. గుల్బర్గాలో మాత్రం ఖాన్‌ఖాహ్‌కు సుల్తాన్ అహ్మద్ షా నుంచి గ్రామాలు దక్కాయి. పేదల అన్నానికి అవి ఉపయోగపడి ఉండవచ్చు. కానీ భూమి వచ్చాక వారసత్వమూ దాని వెంటే వస్తుంది. ఈ ఒక్క విషయంలో పాత ఢిల్లీ పద్ధతే మాకు మేలనిపిస్తుంది. ఖ్వాజా వారి మీద ప్రేమ ఉంది కనుకనే ఈ మాట దాచకుండా రాస్తున్నాం.

మరో మాట ఆ తండ్రే నెమ్మదిగా కదిపాడు. ఇంట్లో ఆడవాళ్లూ బైఅత్‌కు రావాలని కబురు వచ్చిందట. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్త్రీల నుంచి బైఅత్ మాటతోనే తీసుకునేవారు, పరాయి స్త్రీ చేయి ఎన్నడూ తాకలేదు. ఇది సహీహ్ హదీసు. సూఫీ పెద్దలు గిన్నెడు నీళ్లనో గుడ్డ చెంగునో మధ్యలో ఉంచేవారు. చేయి పట్టుకోవాలనే పీర్, ఒంటరిగా రమ్మనే పీర్ ఎవరైనా సరే, ఆ ఇంటి గడప దిగి వచ్చేయవలసిందే.

1422లో ఫిరోజ్ షా తమ్ముడు అహ్మద్ షాకు సింహాసనం వదిలి కొద్ది రోజులకే మరణించాడు. ఆ తర్వాత, జిల్‌ఖాదా 16న, ఖ్వాజా వారు నూరేళ్లు దాటిన వయసులో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు.

ఆ తండ్రిని కొడుకుతో కలిసి మరోసారి రమ్మన్నాం. వచ్చారు. పల్లకీ కథ దగ్గర పిల్లవాడు మాతో గట్టిగానే వాదించాడు. మేము ఒక్కటే అడిగాం. చదువు ముగించి వస్తాను, సెలవివ్వండి అని పీర్ సాహెబ్‌ను అడుగు, ఆయన ఏమంటారో వచ్చి మాకు చెప్పు అన్నాం. మొన్న తండ్రి కబురు పంపాడు. అబ్బాయి సప్లిమెంటరీ పరీక్షకు ఫీజు కట్టాడట. పీర్ సాహెబ్ ఏమన్నారో మాత్రం ఇంట్లో చెప్పడం లేదట. ఈసారి ఉర్సుకు ఇద్దరూ కలిసి వెళుతున్నారు.