డ్రాల మాస్టర్ కార్ల్ ష్లెక్టర్

పిల్లలు చెస్ పోటీ నుండి రాగానే మనం అడిగే మొదటి ప్రశ్న, గెలిచావా ఓడావా అని. డ్రా అయిందంటే, అంతేనా అన్నట్టు చూస్తాం. అలాంటి తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి చదవవలసిన జీవితం కార్ల్ ష్లెక్టర్ గారిది.

ఆయన 1874 మార్చి 2న వియన్నాలో జన్మించారు. చాలా నెమ్మదస్తుడు. ప్రత్యర్థి ఆలస్యంగా వస్తే, తన గడియారంలో కూడా అంత సమయం తగ్గించుకునేవారని చెబుతారు. ఎక్కువ ఆటలు డ్రా కావడంతో ఆయనకు డ్రాల మాస్టర్ అని పేరు పడింది. అలాగని గెలవడం తెలియనివారు కాదు. 1906లో ఓస్టెండ్‌లో జరిగిన పెద్ద పోటీలో మొదటి స్థానం ఆయనదే.

1910 జనవరిలో ప్రపంచ ఛాంపియన్ ఎమాన్యుయేల్ లాస్కర్‌తో పది ఆటల పోటీ మొదలైంది. సగం వియన్నాలో, సగం బెర్లిన్‌లో. మొదటి ఆటలో ష్లెక్టర్‌దే పైచేయి. అయితే లాస్కర్ ఒక బంటును వదులుకుని తన ఏనుగును, అంటే రూక్‌ను, చురుకైన చోట నిలిపి ఆటను కాపాడుకున్నారు. చివరికి డ్రా. బలం తక్కువైనా ఎలా నిలబడాలో నేర్పడానికి ఆ ముగింపును చదరంగం పుస్తకాలలో నేటికీ చూపిస్తారు.

తరువాత మూడు ఆటలూ డ్రా. ఐదవది ష్లెక్టర్ గెలిచారు. మళ్ళీ నాలుగు డ్రాలు. ఇక మిగిలింది ఒక్క ఆట. అది డ్రా అయితే ఆయనకు ఐదున్నర, లాస్కర్‌కు నాలుగున్నర పాయింట్లు. కానీ డ్రాల మాస్టర్ ఆ రోజు డ్రా కోసం ఆడలేదు. గెలుపు కోసం చిక్కు దారి పట్టి, 71 ఎత్తుల పోరులో ఓడిపోయారు. పోటీ 5-5తో సమమైంది, కిరీటం లాస్కర్ దగ్గరే ఉండిపోయింది. ఆయన అలా ఎందుకు ఆడారు, ఒక్క పాయింటు ఆధిక్యంతో కిరీటం దక్కేదా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం తెచ్చిన ఆకలి, పేదరికం ఆయన ఆరోగ్యాన్ని దెబ్బతీశాయి. 1918 డిసెంబరు 27న బుడాపెస్ట్‌లో, 44 ఏళ్ళకే కన్నుమూశారు.

ఈసారి మీ అబ్బాయో అమ్మాయో డ్రా అయిందని చెబితే, బోర్డు తెచ్చి ఆ ఆట ఒకసారి చూపించమని అడగండి. ఓడిపోయే ఆటను కాపాడుకున్నారేమో!