పక్షిరాజా శ్రీరాములు నాయుడుగారు: ఒక పాత్ర, ఆరు భాషలు

పేరుపొందిన పాత నాటకమునో, చలనచిత్రమునో క్రొత్త నటులతో మరల తీయబోవుచున్నారని వినినంతనే మన యిండ్లలో వాదము బయలుదేరును. ఆ వేషమునకు ఇప్పటివారిలో ఎవరు తగుదురని చిన్నవారు లెక్కలు వేయుదురు. ఆ నటునితోనే ఆ పాత్రయు పోయినదని తాతగారు ఒక్క మాటతో తేల్చివేయుదురు. ఈ వాదమును చేతలలో పరీక్షించి చూచినవారొకరు మన కోయంబత్తూరులోనే ఉండిరి. వారు ఎస్. ఎం. శ్రీరాములు నాయుడుగారు. ఒక కొండదొంగ పాత్రను వారు భాషకొక నటునిచేత వేయించిరి. ఆ కథ 1954 మొదలు 1957 వరకు, నాలుగేండ్లలో, ఆరు భాషల తెరల కెక్కినది.

నాయుడుగారు 1910లో జన్మించిరి. ఆ పేరు మనకు క్రొత్తది కాదు. విజయనగర ప్రభువుల కాలమునను, మధుర నాయకరాజుల కాలమునను దక్షిణమునకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములలో తరతరములుగా నిలిచిన పేరది. ఇంట ఒక భాష, వీధిలో వేరొక భాష అను జీవితము మనవారికి పుట్టుకతో వచ్చినది. నాయుడుగారి వృత్తిజీవితమును గూర్చి చదువునపుడు ఈ సంగతి నాకు పలుమారు తలపునకు వచ్చెను.

వారు బాలుడుగా నున్న కాలమున తమిళదేశమంతట బాలుర నాటక సంఘముల ప్రభ వెలుగుచుండెను. వానిలో మధుర ఒరిజినల్ బాయ్స్ కంపెనీ పేరుమోసినది. పి. యు. చిన్నప్పగారును, ఎం. జి. రామచంద్రన్‌గారును బాల్యమున అందు వేషములు కట్టినవారే. ఆ సంఘములలో పాత్ర ఎవరి సొంతమును కాదు. నేడు రాజకుమారుడై పాడిన పిల్లవాని గొంతు మారినచో, రేపు ఆ కిరీటము మరియొకని తలమీదికి పోవును. పద్యమును, అడుగును, చూపును క్రొత్త బాలుడు మొదటినుండి నేర్చుకొనవలయును. ఆ పద్ధతి కఠినమైనదే. చిన్న పిల్లల కది ఎంత దుఃఖము కలిగించియుండునో ఊహింపవచ్చును. అయినను పాత్ర నటునికంటె దీర్ఘాయువు కలదను నమ్మకము ఆనాటి రంగస్థలమున ఇట్లు పాదుకొనెను.

1930ల ఆరంభమున పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరు చేరగా నూలు మిల్లులు వేగముగ పెరిగినవి. మిల్లు యజమానుల ధనమును, దీపములకు కావలసిన విద్యుత్తును ఒక్కచోట దొరకుటచే చలనచిత్రములకును ఆ పట్టణము అనుకూలమయ్యెను. బి. రంగస్వామి నాయుడుగారు మొదలైనవారితో కలిసి శ్రీరాములు నాయుడుగారు సింగనల్లూరులోని సెంట్రల్ స్టూడియోస్‌లో భాగస్వాములైరి. పిమ్మట పక్షిరాజా ఫిలింస్ అను పేర సొంతముగ చిత్రములు తీయసాగిరి. 1941లో చిన్నప్పగారు నాయకుడుగా వెలువడిన ‘ఆర్యమాల’ వారికి మంచి పేరు తెచ్చినది.

1943 నాటి ‘శివకవి’తో వారి జీవితమున ఒక మలుపు వచ్చినది. అందు నాయకుడు ఎం. కె. త్యాగరాజ భాగవతారు. దర్శకుడైన రాజా శాండో నడుమనే తప్పుకొనగా, నిర్మాతగా నున్న నాయుడుగారు తామే ఆ ఆసనమున కూర్చుండి చిత్రమును పూర్తిచేసిరి. ఒకరు విడిచిన స్థానమును మరియొకరు నింపుట ఎట్లో వారు మొదట తమమీదనే ప్రయోగించుకొనిరి అనవచ్చును.

మరుసటి యేడు గొప్ప ఆపద వచ్చిపడెను. 1944 నవంబరులో మదరాసున లక్ష్మీకాంతన్ అను పత్రికా సంపాదకుడు హత్యకు గురియయ్యెను. ఆ అభియోగమున భాగవతారును, హాస్యనటుడు ఎన్. ఎస్. కృష్ణన్‌గారును, వారితోపాటు నాయుడుగారును నిర్బంధింపబడిరి. 1945లో న్యాయస్థానము నాయుడుగారిని నిర్దోషిగా విడిచిపెట్టెను. మిగిలిన యిద్దరికి శిక్ష పడినది. ప్రీవీ కౌన్సిలువరకు వ్యాజ్యము నడచి 1947లో గాని వారికి విముక్తి కలుగలేదు. అట్టి అపవాదునుండి బయటపడినవాడు సామాన్యముగ కొంతకాలము తెరవెనుక దాగియుండును. నాయుడుగారు అదే 1945లో కోయంబత్తూరున పక్షిరాజా స్టూడియోను స్థాపించిరి.

ఆ స్టూడియోనుండి వచ్చిన వానిలో 1950 నాటి చిత్రమును ముందు చెప్పుకొనవలెను. ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో 1862లో వెలువరించిన ‘లే మిజరబ్ల్’ నవలను శుద్ధానంద భారతిగారు తమిళము చేసియుండిరి. దానిని కె. రామ్‌నాథ్‌గారి దర్శకత్వమున తమిళమున ‘ఏళై పడుం పాడు’, తెలుగున ‘బీదలపాట్లు’ అను పేర్లతో నాయుడుగారు తీసిరి. రొట్టె దొంగిలించి చెరపాలై, మతగురువు దయచే మారిన జాన్ వాల్జాన్ పాత్రకు చిత్తూరు నాగయ్యగారిని ఎన్నుకొనిరి. పోతన, త్యాగయ్య, వేమనల వేషములలో జనులు చేతులు జోడించి చూచిన నటుని దొంగగా చూపుట సాహసమే. కాని ఆ ముఖమునందలి సాత్త్వికతయే ఆ దొంగ ఎట్టివాడు కాగలడో ముందుగనే చెప్పినది. అతనిని వెంటాడు జావెర్ వేషము వేసిన సీతారామన్‌గారికి జావర్ అను పేరు జీవితాంతము ఇంటిపేరువలె అంటుకొనెను. తగిన నటుడు దొరకినపుడు పాత్ర అతని పేరునే మార్చివేయుననుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

ఇక కొండదొంగ సంగతి. నామక్కల్ రామలింగం పిళ్ళైగారు వ్రాసిన ‘మలైక్కళ్ళన్’ నవలకు ఎం. కరుణానిధిగారు చిత్రరూపము కల్పించిరి. నాయుడుగారి దర్శకత్వమున 1954 జూలైలో అది తమిళమున వెలువడెను. కొండలలో దాగి ధనికుల సొమ్ము దోచి పేదలను ఆదుకొను దొంగ, పట్టణమున తిరుగు మహమ్మదీయ వర్తకుడు, వారి చాటున దాగిన కథానాయకుడు ముగ్గురును ఒక్కడే. అనగా ఆ పాత్రయే వేషములు మార్చు పాత్ర. ఎవరు వేసినను అతనికి తన సొంత విద్య చూపుకొనుటకు చోటుండును. నాయుడుగారు ఈ కీలకమును కనిపెట్టిరని నా అభిప్రాయము.

తమిళమున ఎం. జి. రామచంద్రన్‌గారు ఆ వేషము వేసిరి. కత్తిసాములు, దుముకులు వారికి సహజములు. వారి ఉన్నతికి ఆ చిత్రము మెట్టయ్యెను. ఆ యేటి చిత్రములలో తమిళమునకు రాష్ట్రపతి రజతపతకము దానికే లభించెను. కొద్ది దినములకే, ఆగస్టులో, తెలుగు ‘అగ్గిరాముడు’ వచ్చెను. అందు నాయకుడు నందమూరి తారక రామారావుగారు. నాయిక మాత్రము రెండింటను భానుమతిగారే! ఇంచుమించు ఒకే కాలమున తీయుటచే సెట్టులు, దీపముల అమరిక, నాయిక అన్నియు నిలిచియుండగా ఎదుట నిలుచు నాయకుడు మాత్రము మారును. వ్యయము తగ్గుటయు ఇందలి రహస్యమే. నాయుడుగారు వ్యాపారము తెలిసినవారు. ఆ సంగతి దాచవలసిన పని లేదు.

అయినను తెలుగు చిత్రము తమిళమునకు నీడ కాదు. అందు నాజర్‌గారి బుర్రకథను చేర్చి అల్లూరి సీతారామరాజు గాథను పాడించిరి. కొండలలో తిరుగు దొర అనగానే తెలుగువానికి ఎవరు స్మరణకు వత్తురో ఎరిగి చేసిన పని అది. పాత్రను క్రొత్త భాషకు తెచ్చునపుడు నటుని మార్చుట సగము; ఆ భాషవారి జ్ఞాపకములలో దానికి పీట వేయుట తక్కిన సగము.

1955లో హిందీ ‘ఆజాద్’ వచ్చెను. దానికొరకు దిలీప్ కుమార్, మీనాకుమారి గార్లు కోయంబత్తూరు వచ్చి పక్షిరాజా స్టూడియోలో నటించిరి. దిలీప్ కుమార్‌గారు అప్పటికి విషాద పాత్రలకు ప్రసిద్ధులు. ఆ దుఃఖము తమ సొంత మనస్సును సైతము క్రుంగదీయుచుండగా, తేలిక వేషములు వేయుమని వైద్యులు సలహా యిచ్చిరట. అట్టి సమయమున దొరకిన వేషమిది. రామచంద్రన్‌గారు కత్తితో సాధించినదానిని వారు నవ్వుతో, కొంటె చూపుతో సాధించి, ఉత్తమ నటుడుగా ఫిలింఫేర్ బహుమానము నందుకొనిరి. సంగీతమునకు నాయుడుగారు మొదట నౌషాద్‌గారి నడిగిరి. ఒక్క నెలలో పాటలన్నియు కావలయుననగా వారు నిరాకరించిరి. సి. రామచంద్ర అంగీకరించి నెల దినములలో ముగించిరి. ఆ పాటలు నేటికిని వినబడుచున్నవి. నాయుడుగారి తొందర మంచిదని నేననను, ఈసారికి ఫలించినది.

1957లో అదే వేషమును మలయాళమున ‘తస్కరవీరన్’లో సత్యన్‌గారును, కన్నడమున ‘బెట్టద కళ్ళ’లో కల్యాణ్ కుమార్‌గారును ధరించిరి. సింహళమున ‘సూరసేన’యను పేరుతో ఆ కథ సముద్రమును సైతము దాటినది. ఒక వింత చెప్పవలెను: కరుణానిధిగారు 1969లోను, రామచంద్రన్‌గారు 1977లోను తమిళనాటను, రామారావుగారు 1983లో ఆంధ్రప్రదేశమునను ముఖ్యమంత్రులైరి. ఒక్క దొంగకథనుండి ముగ్గురు!

తరువాతి చిత్రములలో శివాజీ గణేశన్, పద్మిని గార్లు నటించిన ‘మరకతం’ (1959), మలయాళమున ‘శబరిమల అయ్యప్పన్’ (1961) చెప్పదగినవి. క్రమముగ చిత్రపరిశ్రమ మదరాసున కేంద్రీకృతమగుటచే కోయంబత్తూరు స్టూడియోల వెలుగు తగ్గెను. నాయుడుగారు బెంగుళూరు చేరి అచట చాముండేశ్వరి స్టూడియోను నెలకొల్పిరి.

వారు జీవించియుండగనే, 1972లో, బి. విఠలాచార్యగారు ‘బీదలపాట్లు’ అను పేరుతోనే మరియొక చిత్రము తీసిరి. నాగయ్యగారు వేసిన వేషము అక్కినేని నాగేశ్వరరావుగారికి వచ్చెను. మరుసటి యేడు డిసెంబరులో నాగయ్యగారును, 1976లో నాయుడుగారును కన్నుమూసిరి. వాల్జాన్ మాత్రము ఆగలేదు. 1985లో లండను రంగస్థలమున ఆ కథ గేయనాటకముగ ప్రదర్శింపబడినపుడు కోమ్ విల్కిన్సన్ అను నటుడు ఆ వేషము ధరించెను. 2012లో అది చలనచిత్రమైనపుడు వాల్జాన్ హ్యూ జాక్‌మన్. విల్కిన్సన్ కూడ అందున్నాడు. మతగురువు వేషమున నిలిచి, క్రొత్త వాల్జాన్ చేతికి వెండి దీపస్తంభములు ఇచ్చుచున్నాడు.