టామ్ విల్స్

మనమెరిగిన ఫుట్‌బాలు వలె గాక, ఆస్ట్రేలియా ఫుట్‌బాలునందు కోలనైన బంతిని చేతబట్టి పరుగిడవచ్చును. ఆ యాటకు రూపు దిద్దినవారిలో ప్రముఖుడైన టామ్ విల్స్ చరిత్రము నిట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆతడు 1835లో న్యూ సౌత్ వేల్సునందు జన్మించెను. తండ్రి హొరేషియో గొఱ్ఱెల మందలు గల భూస్వామి. పిదప విక్టోరియాలో పెరుగుచు, ఆ బాలుడు ఆదివాసుల బిడ్డలతో నాడి వారి భాష నేర్చెను. ఇంట నొక భాష, వీధిలో నొక భాష పలుకు మన పిల్లలకిది వింత గాదు. పదునాలుగేండ్ల వయసున ఇంగ్లండునందలి రగ్బీ పాఠశాలకు వెడలి, 1856లో మరలివచ్చెను.

శీతకాలమున క్రికెట్టు ఆటగాండ్రు ఊరకుండరాదని 1858లో ఒక పత్రికకు లేఖ వ్రాసెను. 1859 మే నెలలో మెల్బోర్నునందు విల్స్ మొదలగువారు కూడి పది నియమములు వ్రాసిరి. కాళ్ళపై తన్నుట నిషేధించిరి. ఆటగాండ్రు మరునాడు పనులకు పోవలసినవారు గదా!

1861 అక్టోబరులో, క్వీన్స్‌లాండునందు, తమ నేల నాక్రమింపబడిన ఆదివాసులు హొరేషియోను, మఱి పదునెనమండుగురిని వధించిరి. టామ్ ఆనాడు సరకుల కొఱకు పోయియుండి బ్రతికెను. ప్రతీకారముగా తెల్లజాతివారు అంతకు అనేక రెట్లు ఆదివాసులను చంపిరి. అందు టామ్ పాత్రను గూర్చి పండితులలో నేటికిని వివాదము గలదు. అట్టివాడే 1866లో ఆదివాసుల క్రికెట్టు జట్టునకు శిక్షణ నిచ్చి, డిసెంబరు 26న మెల్బోర్ను మైదానమున దానికి నాయకుడై నిలిచెను. ఆతని జీవితమున మాకన్నిటికంటె ఆశ్చర్యము గొలిపిన ఘట్టమిదియే.

పిదప మద్యము ఆతని నాశనము చేసెను. 1880లో 44 ఏండ్ల వయసున గతించెను. 1980లో మెల్బోర్ను క్రికెట్టు సంఘము శిల నిలుపువరకు, నూరేండ్లపాటు, ఆతని సమాధిపై పేరైనను లేకుండెను.