పద్నాలుగు పాదాల గురువు – ఫాదర్ హాప్కిన్స్

మీ ఇంట్లో కళాశాల చదువుల పిల్లలుంటే వారి ఇంగ్లీషు పుస్తకంలో సానెట్ అనే మాట మీ కంట పడే ఉంటుంది. ఆ పద్యం లోగుట్టు తెలియాలంటే యేసుసభ గురువు జెరార్డ్ మాన్లీ హాప్కిన్స్ జీవితం చూడండి.

ఆయన 1844 జూలై 28న లండన్ దగ్గరి స్ట్రాట్‌ఫర్డ్‌లో, ఆంగ్లికన్ కుటుంబంలో, తొమ్మిదిమంది బిడ్డలలో పెద్దవారిగా జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతుండగా 1866లో ఫాదర్ న్యూమన్ (2019లో పునీతులుగా ప్రకటింపబడిన వారే) చేతుల మీదుగా కతోలిక శ్రీసభలో చేరారు. కన్నవారు ఎంతో నొచ్చుకున్నారు. 1868లో యేసుసభలో చేరబోతూ తన కవితలను తానే కాల్చివేశారు. పెద్దలు కోరితే తప్ప రాయకూడదనుకున్నారు. ఏడేళ్లు ఆ నియమం మీదే నిలిచారు.

1875 డిసెంబరులో డాయిష్‌లాండ్ అనే ఓడ థేమ్స్ నది ముఖద్వారం బయట ఇసుక మేటకు తగిలి, జర్మనీ విడిచి వస్తున్న ఐదుగురు ఫ్రాన్సిస్కన్ కన్యస్త్రీలు ప్రాణాలు కోల్పోయారు. దీని మీద ఎవరైనా రాస్తే బాగుండునని మఠ పెద్ద ఒకరు అన్నారు. ఆ మాటే అనుమతి అయింది. ఆయన రాశారు. యేసుసభ వారి పత్రికే దాన్ని అచ్చు వేయలేదు!

ఇక సానెట్ సంగతి. పాదాలు 14. మన ఉత్పలమాలలో గురులఘువులు చూస్తాం. ఇంగ్లీషులో ఊనిక చూస్తారు. పాదానికి పది అక్షరాలు. ఒకటి తేలిక, ఒకటి ఊని పలికేది, ఇలా ఐదు ఊనికలు. ఇటలీ పద్ధతిలో మొదటి 8 పాదాలు విషయాన్ని ఎత్తుకుంటాయి. తొమ్మిదో పాదం దగ్గర ఆలోచన మలుపు తిరుగుతుంది. షేక్స్‌పియర్ తీరులో నాలుగేసి పాదాలు మూడుసార్లు వచ్చి, చివర రెండు పాదాలు జంటగా ముగిస్తాయి. హాప్కిన్స్ ఇటలీ పద్ధతినే పట్టుకున్నారు గాని, ఊనికలను మాత్రమే లెక్కించి తేలిక అక్షరాలను ఎన్నైనా రానిచ్చారు. మామూలు మాటల నడక, పిల్లల పాటల నడక అదే కదా అని ఆయన వాదన. ఒకసారి సానెట్‌నే ముప్పావు వంతుకు కుదించి పదిన్నర పాదాల్లో ముగించారు. 8కి బదులు 6, 6కి బదులు నాలుగున్నర. లెక్క సరిచూడండి!

1877లో వేల్స్‌లో గురుపట్టం పొందారు. ఆనందంతో పొంగే సానెట్లు ఆ ఏడాదివే. తరువాత లివర్‌పూల్, గ్లాస్గో నగరాలలో పేదల నడుమ సేవ. 1884 నుంచి డబ్లిన్‌లో గ్రీకు బోధన, గుట్టలుగా జవాబు పత్రాలు, అనారోగ్యం, దిగులు. 1885 నాటి సానెట్లలో దేవుడు పలకడం లేదన్న వేదన వినిపిస్తుంది. అంత చీకటిలోనూ ఎనిమిది, ఆరు పాదాల కట్టు చెదరలేదు. నాకైతే ఇవే ఆయన రచనల్లో మిన్న. గురువు ఇలా రాయవచ్చునా అనేవారు కీర్తనల గ్రంథం ఒకసారి తెరవాలి.

1889 జూన్ 8న, 44 ఏళ్లకే, టైఫాయిడ్‌తో కన్నుమూశారు. తల్లిదండ్రులు డబ్లిన్ వచ్చి పక్కనే ఉన్నారు. మిత్రుడు రాబర్ట్ బ్రిడ్జెస్ ఆయన కవితలను భద్రపరచి 1918లో 750 ప్రతులు వేయించారు. అవి అమ్ముడుపోవడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ఆ పుస్తకం అంకితమైనది తొంభై దాటి ఇంకా జీవించి ఉన్న ఆయన తల్లికి.