కలాంగారి మరొక సాధన

డాక్టర్ అబ్దుల్ కలాంగారి పేరు వినగానే మన విద్యార్థులకు స్ఫురించేవి రెండే: క్షిపణులు, రాష్ట్రపతి భవనం. 1931 అక్టోబరు 15న రామేశ్వరంలో ఒక పడవ యజమాని ఇంట జన్మించి, మద్రాసులో విమాన నిర్మాణ విద్య నభ్యసించి, 1980లో రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపిన కృషికి సారథ్యం వహించిన వృత్తాంతం అందరెరిగినదే. దానిని మేము తిరిగి చెప్పబోము. హైదరాబాదు నివాసంతో మొదలై రోగుల నిమిత్తం ఆయన సాగించిన కృషిని మాత్రమే ఇక్కడ ప్రస్తావిస్తాము.

1982లో ఆయన హైదరాబాదులోని రక్షణ ప్రయోగశాలకు సంచాలకులుగా వచ్చారు. అక్కడ క్షిపణుల కోసం రూపొందిన తేలికపాటి మిశ్రమ పదార్థాన్ని నిమ్స్ ఎముకల వైద్యులొకరు చేతితో ఎత్తి చూసి, ఆయనను తమ ఆసుపత్రికి తోడ్కొని వెళ్ళారు. పోలియో సోకిన పసిపిల్లలు మూడేసి కిలోల ఇనుప కాలిపర్లను ఈడ్చుకొంటూ నడవటం ఆయన చూశారు. మూడు వారాలలో సుమారు 300 గ్రాముల కాలిపర్లు సిద్ధమయ్యాయి. తన జీవితంలోని గొప్ప ఆనందాలలో ఒకటిగా కలాంగారు దీనిని పలుమార్లు చెప్పుకొన్నారు.

కాలిపరు దేహానికి వెలుపల ఉండేది. బాధ పెడితే విప్పవచ్చును. తరువాత చేపట్టినది అటువంటిది కాదు. గుండెకు రక్తమందించే నాళం కొవ్వు పేరుకొని ఇరుకైనప్పుడు, చిన్న బుడగతో దానిని వెడల్పు చేసే చికిత్సను 1977లో జ్యూరిచ్‌లో గ్రూంట్‌జిగ్ అనే వైద్యుడు ప్రారంభించాడు. అయితే తెరిచిన నాళం చాలామందిలో కొద్ది నెలలకే మళ్ళీ మూసుకొనేది. దానిని తెరచి ఉంచే సన్నని లోహపు జాలీయే స్టెంటు. 1986లో ఫ్రాన్సులో తొలిసారి మనిషికి అమర్చారు. మనకది విదేశీ సరుకు. ఒక గుమాస్తా ఏళ్ళ తరబడి కూడబెట్టినా దాని వెల అందేది కాదు.

1990ల దశకంలో కలాంగారు, హృద్రోగ వైద్యులు డాక్టర్ సోమరాజుగారు కలిసి, రక్షణ పరిశోధనలో గడించిన లోహ పరిజ్ఞానాన్ని ఇటు మళ్ళించారు. ఇరువురి పేరిట వెలసిన కలాం-రాజు స్టెంటు చాలా తక్కువ వెలకు లభించింది.

సాధారణంగా అభిమానులు ఇక్కడితో ఆగిపోతారు. మేము ఆగదలచలేదు. నాళంలో ఒకసారి ఉంచిన స్టెంటును తిరిగి తీయటం ఉండదు. అది తుప్పు పట్టరాదు, విరగరాదు, దానిపై రక్తం గడ్డ కట్టరాదు. కనుక చౌక అన్నమాటకు నాణ్యత తోడుండి తీరాలి. పైగా పూత లేని లోహపు స్టెంటు ఏదైనా, ఎవరు చేసినదైనా, కొందరిలో నాళం మళ్ళీ ఇరుకు కావటాన్ని ఆపలేకపోయింది. 2002 నుండి విదేశాలలో మందు పూసిన స్టెంట్లు వచ్చి ఆ లోపాన్ని చాలావరకు తగ్గించాయి. కలాం-రాజు స్టెంటు వెనుకబడిపోయింది. వెల మాత్రం మళ్ళీ పైకి పోయింది.

ఈ వెల మన పాలమూరుకు దూరపు ముచ్చట కాదు. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. వలస కూలీ ఇంట గుండెపోటు వస్తే పొలమో పుస్తెలో అమ్మి హైదరాబాదు బస్సు ఎక్కటమే. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని తొలుత ప్రారంభించిన మూడు జిల్లాలలో మనది ఒకటి. కలాంగారు రాష్ట్రపతి పదవిలో ఉన్న చివరి మాసాలవి.

2015 జూలై 27న షిల్లాంగులో విద్యార్థులకు ఉపన్యసిస్తూనే ఆయన కుప్పకూలి, పరమపదించారు. గుండె ఆగిపోవటమే కారణం. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం స్టెంట్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది: పూత లేనిదానికి 7,260 రూపాయలు, మందు పూసినదానికి 29,600. అంతకు ముందు రెండవ రకం వెల సగటున లక్ష దాటి ఉండేది. స్టెంటు అమర్చినందుకు ఆసుపత్రి తీసుకొనే రుసుము మాత్రం ఆ ఉత్తర్వు పరిధిలోనికి రాలేదు.