అంధులకు బడి పెట్టిన నేతగాని కొడుకు

ఫ్రాన్సులో నేతపనివారి ఇంట 1745లో పుట్టిన వాలెంటిన్ హాయూయి పారిస్‌లో దుబాసీగా సుఖంగానే బతుకుతుండేవారు. 1771లో ఒక తిరునాళ్లలో అంధులకు అట్ట కళ్లద్దాలు, వింత టోపీలు తొడిగి, వాయిద్యాలిచ్చి జనం నవ్వడం చూసి ఆయన మనసు కలత చెందింది. అంధులకు చదువెందుకనే కాలమది. 1784లో చర్చి వద్ద అడుక్కునే లెస్యూర్ అనే అంధ కుర్రవానిని పిలిచారు. అతని భిక్షంతోనే ఇల్లు గడిచేది. చదువుకు కూర్చుంటే కూడెలా? ఆ రాబడి హాయూయిగారే ఇచ్చారు! ఉబ్బెత్తు అక్షరాలు తడుముతూ కుర్రవాడు నెలల్లోనే చదవగలిగాడు. 1785లో బడి వెలిసింది. 1802లో ప్రభుత్వం ఆయనను అక్కడినుంచి తప్పించింది. అయినా అరవై దాటాక రష్యా వెళ్లి అక్కడా అంధుల బడి పెట్టారు. 1821లో పారిస్ బడివారు ముసలాయనను పిలిచి సన్మానించారు. చుక్కల లిపి కనిపెట్టిన లూయీ బ్రెయిలీ అప్పటికి అదే బడిలో 12 ఏళ్ల పిల్లవాడు. మరుసటి ఏడు హాయూయి కన్నుమూశారు.